బల్ల మీద ఉన్న మోడెం

ఫిబ్రవరి 8, ఆదివారం. స్థలం: యానాంలో మా ఇంటి ముందు గది. ఉన్నవారు: నేను, నా భార్య అన్నపూర్ణ, ఫరంపేట నుంచి వచ్చిన రత్నం, ఆమె కూతురు స్వాతి. సమయం: ఉదయం పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాటేవరకు.

ఆ రోజు డైరీ పేజీ పైన ఇలాగే రాసి ఉంది. కింద రాసినదాన్ని ఇప్పటికి చాలాసార్లు చదువుకున్నాను. ఎక్కడా మార్చలేదు.

నేను టెలిఫోన్ శాఖలో లైన్ల మరమ్మతు చేసి రిటైరయ్యాను. ఫోను దానంతట అదే మోగుతోందని, ఇంట్లో ఏదో ఉందని భయపడి ఫిర్యాదు చేసినవాళ్లు నా సర్వీసులో చాలామంది ఉన్నారు. వెళ్లి చూస్తే తడిసిన జాయింటో, ఎలక కొరికిన తీగో, పెట్టెలో గూడు పెట్టిన చీమలో కనిపించేవి. ఫాల్టు రిజిస్టరులో కారణం రాసే గడిని నేనెప్పుడూ ఖాళీగా వదల్లేదు. దయ్యాలున్నాయా లేవా అని ఆలోచించవలసిన అవసరమే నాకు రాలేదు.

రత్నం నా స్నేహితుడు సూరిబాబు భార్య. సూరిబాబుకు మెట్టకూరులో ఫోటో స్టూడియో ఉండేది. ఇరవై ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తూ, దారిలో లారీ తగిలి పోయాడు. అప్పటికి స్వాతి నడక నేర్చుకుంటోంది.

ఊరందరి ఫోటోలూ తీసినవాడికి తనవి నాలుగైదుకు మించి లేవు. గోదావరి నీళ్లు ఫరంపేటలో ఇళ్లలోకి వచ్చినప్పుడు పెళ్లి ఆల్బం ముద్దయిపోయింది. దండ వేసిన ఫోటో అద్దానికి అతుక్కుని మొహం తెల్లబారిపోయింది. ఓటరు కార్డు మీద మిగిలింది మసి మరక.

సూరిబాబు తల్లి మంగమ్మగారికి ఎనభై దాటాయి. కంటి నరం ఎండిపోతోందని, ఆపరేషన్ వల్ల ప్రయోజనం లేదని కాకినాడ డాక్టరు చెప్పాడు. కిటికీ దగ్గర పగటి వెలుతురులో దగ్గరగా పెడితే కాస్త కనిపిస్తుంది. అదీ ఎన్నాళ్లో చెప్పలేనన్నాడు. ఆవిడ అడిగింది ఒక్కటే. వాడి మొహం ఒకసారి చూపించండి అని.

ఆ మాట రత్నం వచ్చి చెప్పినప్పుడు నేను పాత డైరీ తీశాను. సూరిబాబు పోవడానికి ముందు రోజు పేజీలో ఇలా ఉంది: "సూరిబాబు కొత్త కెమెరా చూపించాడు. నా చేత తన ఫోటో ఒకటి తీయించుకున్నాడు. బాగా వచ్చింది." ఆ కెమెరా లారీ కింద నలిగింది. అందులోని మెమరీ కార్డు మాత్రం బాగానే ఉంది. రత్నం దాన్ని ఆయన కళ్లజోడు పెట్టెలో దాచింది.

బిస్కెట్టు కంటే పలచగా ఉండే ఆ రకం కార్డు ఇప్పుడు రావడం లేదు. యానాంలో, కాకినాడలో ఎవరి దగ్గరా దాన్ని చదివే సాధనం దొరకలేదు. సూరిబాబు పాత లాప్‌టాప్ మాత్రం అటక మీద ఉండబట్టి నీళ్ల పాలు కాలేదు. దాని సంచీలోనే కార్డును దూర్చే అడాప్టరు ఉంది. ఫోను లైను తగిలించుకునే మోడెం లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. రెండూ చీట్లపేక ముక్క సైజులో ఉంటాయి. లాప్‌టాప్ పక్కన ఉన్న రెండు గాడుల్లో దూరుతాయి.

పది గంటలకు యంత్రం వెలిగింది. బ్యాటరీ ఎప్పుడో పోయింది, కరెంటు మీదనే నడవాలి. పావుగంటకే అడుగు భాగం కాలిపోతోంది. కాలిన ప్లాస్టిక్ వాసన. ఇది ఆగిపోతే ఇంకొకటి లేదు. అందుకని పావుగంట నడపడం, పది నిమిషాలు ఆపడం అని నియమం పెట్టుకున్నాను.

అడాప్టరు పెట్టగానే తెర మీది పరికరాల జాబితాలో దాని పక్కన పసుపు రంగు గుర్తు పడింది. తనకు కావలసిన నంబరు వేరే పరికరం చేతిలో ఉందని దాని అర్థం. పాత కంప్యూటర్లలో ప్రతి పరికరానికీ ఒక నంబరు ఉంటుంది, పని పడితే ఆ నంబరు మీదనే యంత్రాన్ని పిలుస్తుంది. రెండు పరికరాలు ఒకే నంబరు మీద పడితే ఏదీ పలకదు. ఒకే జత తీగకు ఇద్దరు చందాదారులను కలిపినట్టు ఉంటుంది. అలాంటివి నేను చాలా విడదీశాను కనుక ధైర్యంగానే ఉన్నాను.

కానీ యంత్రం మరొకటి కూడా అడిగింది. ఈ కార్డు చదవడానికి వీలుగా లేదు, చెరిపేసి కొత్తగా సిద్ధం చెయ్యనా అని. ఎంటర్ నొక్కితే అంతా పోతుంది. స్వాతి చేతులు వెనక్కి లాక్కుంది. నేను మందుల డబ్బాలోంచి ప్లాస్టర్ ముక్క తెచ్చి ఎంటర్ మీట మీద అంటించాను.

మా అడాప్టరు మూడో నంబరు తప్ప ఏదీ ఒప్పుకోవడం లేదు. ఆ మూడో నంబరు మోడెం దగ్గర ఉంది. నా పద్ధతి ఒకసారికి ఒకటే మార్చడం, మార్చే ముందూ మార్చాకా రాసుకోవడం. మోడెంకు వేరే నంబరు ఇచ్చాను, తీసుకోలేదు. మిగతావి ఖాళీ చేస్తే మారుతుందేమోనని వెనకనున్న పోర్టు ఆపాను. తరవాత పాటలు వినిపించే సౌండు పరికరం ఆపాను. ఫలితం లేదు. పదకొండున్నరకు మోడెంనే గాడిలోంచి బయటికి లాగేశాను. ఫ్యాను గాలికి డైరీ పేజీలు లేస్తుంటే దాన్ని వాటి మీద బరువుగా పెట్టాను.

యంత్రాన్ని మళ్లీ ఆన్ చేశాను. మూడో నంబరు: మోడెం. సరిగా పనిచేస్తోంది.

జాబితాలోంచి దాని పేరు తీసేసి మళ్లీ ఆన్ చేశాను. పేరు తిరిగి వచ్చింది. మళ్లీ తీశాను. మళ్లీ వచ్చింది. స్వాతి వంగి ఖాళీ గాడిలోకి సెల్‌ఫోను లైటు వేసి చూసింది.

"పెదనాన్నా, ఇందులో ఏం లేదు. మరి ఇది దేన్ని చూసి బానే పనిచేస్తోందంటోంది?"

పాత జ్ఞాపకం ఎక్కడో మిగిలి ఉంటుందమ్మా అన్నాను. అప్పటికి అది నమ్మే అన్నాను.

అన్నపూర్ణ మజ్జిగ తెచ్చిచ్చి నిలబడి చూసింది. "ఇరవై ఏళ్లు పడుకున్నదాన్ని లేపి, లేచీ లేవగానే లెక్కలడుగుతున్నారు. కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి," అంది. రత్నం నవ్వలేదు. పొద్దున్నుంచీ కళ్లజోడు పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది. వాసన ఎక్కువైంది. ఇంకొక్కసారి ఆన్ చేస్తాను, కాకపోతే ఇవాళ్టికి ఆపేద్దాం అన్నాను. "రేపు వెలుగుతుందంటారా అన్నయ్యగారూ?" అని అడిగింది.

పన్నెండూ నలభై ఎనిమిదికి ఆన్ చేశాను. జాబితా తెరిచాను. మోడెం అక్కడే ఉంది, సరిగా పనిచేస్తోంది. అసలు మోడెం నా ఎడమ చేతి పక్కన డైరీ మీద ఉంది.

పన్నెండూ యాభై రెండు. లాప్‌టాప్ లోపలినుంచి డయల్ టోను వచ్చింది.

నేను ఆ శబ్దం మధ్య బతికినవాణ్ని. పొరపడే అవకాశం లేదు. తరవాత టకటకమని నంబరు తిరగడం మొదలైంది. సూరిబాబు లైను పాత పద్ధతిది. అయిదు తిప్పితే అయిదు టకటకలు, రెండు తిప్పితే రెండు. లైన్ల మీద పనిచేసిన మాకు అవి విని నంబరు చెప్పడం అలవాటు. చేతిలో పెన్సిలు ఉంది కనుక వినపడ్డవి వినపడ్డట్టే రాసేశాను. ఆరు అంకెలు. ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరికైనా ఇచ్చి ఉండవచ్చు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

తరవాత అవతల ఫోను మోగుతున్న శబ్దం. ఒకసారి. రెండోసారి. ఆగిపోయింది.

రత్నం ఎవరితోనూ కాకుండా, వంటింట్లోకి చెబుతున్నట్టు, మెల్లగా అంది.

"బయల్దేరేడు."

తెర ఒకసారి చీకటై వెలిగింది. మోడెం పేరు జాబితాలో లేదు. అడాప్టరు పక్కన పసుపు గుర్తు పోయింది. కార్డు తెరుచుకుంది. అందులో పదకొండు ఫోటోలున్నాయి. చివరిది నేను తీసింది. గళ్ల చొక్కా, మెడలో కెమెరా సంచీ, నవ్వు ఆపుకుంటున్న మొహం. మూలన నా వేలు అడ్డొచ్చింది. బాగా వచ్చిందని డైరీలో రాసుకున్నానే గానీ వేలు సంగతి ఎవరికీ తెలియదు.

స్వాతి ఆ ఫోటోను తన పెన్‌డ్రైవులోకి కాపీ చేసి, ప్రింటు కోసం నా చేతికిచ్చింది. కాపీ పూర్తయిన రెండు నిమిషాలకు లాప్‌టాప్ ఆగిపోయింది. మళ్లీ వెలగలేదు.

అప్పుడు రత్నం చెప్పింది. స్టూడియో మూసి భోజనానికి బయల్దేరే ముందు సూరిబాబు రోజూ లాప్‌టాప్ నుంచే ఇంటికి ఫోను కొట్టేవాడట. రెండుసార్లు మోగాక పెట్టేసేవాడు. వస్తున్నాను, అన్నం పొయ్యి మీద పెట్టండి అని అర్థం. ఎత్తితే కాల్ చార్జీ పడుతుందని ఎవరూ ఎత్తేవారు కాదు. పోయిన రోజు కూడా రెండుసార్లు మోగింది. అన్నం వండి అత్తా కోడలూ ఎదురు చూశారు.

నేను రాసిన అంకెలు ఆమెకు చూపించాను. ఫరంపేటలో మా ఇంటి నంబరే అంది.

ఆ సంగతి మంగమ్మగారికి చెప్పవద్దని అక్కడే అనుకున్నాం. ఫోటో కూడా పెద్దది ప్రింటు తీయించి మర్నాడు పొద్దున వెలుతురులో చూపించాలని, అంతవరకు ఏమీ అనవద్దని అనుకున్నాం. వాళ్లు ఇంటికి చేరేసరికి రెండు దాటింది. ఆ సాయంత్రమంతా నేను ఆ శబ్దానికి కారణాలు రాసుకుంటూ కూర్చున్నాను. సౌండు పరికరం ఆపి ఉంది. అయినా లోపల చిన్న స్పీకరు ఉంటుంది, దాచిన శబ్దమేదో దానిలోంచి వచ్చి ఉండవచ్చు అని రాశాను. అంతటితో సరిపెట్టుకుందామనుకున్నాను.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి ప్రింటు తీసుకుని ఫరంపేట వెళ్లాను. మంగమ్మగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఫోటోను కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని పై నుంచి కిందికి చూసింది. చాలాసేపు చూసింది.

"నవ్వాపుకుంటన్నాడు దొంగెదవ," అంది.

రత్నం గుమ్మం దగ్గర గోడ వైపు తిరిగింది. మంగమ్మగారు ఫోటో దించకుండానే మామూలుగా, ఆలస్యంగా వచ్చిన పాలవాడి గురించి చెప్పినట్టు నాతో చెప్పింది.

"నిన్న మద్దినేళ రెండుసార్లు మోగి ఆగింది బాబూ. వీళ్లిద్దరూ మీ ఇంటికాడున్నారు. నేనే తడుముకుంటా పొయ్యి ఎలిగించి అన్నం పెట్టేను, సోలెడు ఎక్కువ పోసి. రాలేదే అనుకున్నాను. ఇవాళొచ్చేడు."

నేను రత్నం వైపు చూశాను. నిన్న ఇంటికి వచ్చేసరికి గిన్నె నిండా అన్నం ఉందని, తమ కోసమే వండిందనుకున్నామని, మిగిలింది పొద్దున చద్దన్నం తిన్నామని చెప్పింది. తానూ స్వాతీ ఫోను మాట ఎత్తలేదని ఒట్టు వేసింది. ఒట్టు అక్కర్లేదు. అన్నం వాళ్లు రాకముందే ఉడికింది.

ఫోను గోడ అలమరలో పై అరలో ఉంది. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ కనెక్షను వద్దని దరఖాస్తు రాసిచ్చింది రత్నం. తీగ కత్తిరించింది నేను. తేదీతో సహా నా డైరీలో ఉంది. సెట్టు తీసేయడానికి మంగమ్మగారు ఒప్పుకోలేదని కూడా ఉంది. స్టూలు ఎక్కి చూశాను. సెట్టు వెనక మూరెడు తీగ, దాని చివర నేను చుట్టిన నల్ల టేపు అలాగే ఉంది. గోడకున్న పెట్టె విప్పాను. వరద నీటికి స్క్రూలు తుప్పు పట్టి పొడిలా రాలాయి. బయట స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగే లేదు. రిసీవరు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఉండకూడదు కూడా.

లాప్‌టాప్‌లో వచ్చిన శబ్దానికి నేను రాసుకున్న కారణం ఏదో ఒకనాటికి నిజం కావచ్చు. ఈ గదిలో మోగినదానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. డైరీలో గడి గీసి ఖాళీగా వదిలాను, ఈ రోజుకీ అలాగే ఉంది.

స్టూలు దిగబోతుంటే మంగమ్మగారు కిటికీ దగ్గరనుంచి పిలిచింది.

"రిసీవరు సరిగ్గా పెట్టేవా బాబూ? ఎత్తి ఉంటే వాడికి లైను తగలదు."

పెట్టానని చెప్పాను. చెప్పాక మళ్లీ స్టూలు ఎక్కి, సరిగ్గా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూసి దిగాను.