పసుపు తిన్న పురుగులు

లక్ష్మీనర్సమ్మ నాచారంలో ఒక హాస్టల్ మెస్‌లో ఏళ్ల తరబడి వంట చేసింది. ఇప్పుడు ఉప్పల్ దగ్గరి ఒక పరిశోధనశాలలో పండ్ల ఈగలకు వండుతోంది. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్ట్, గడ్డకట్టడానికి అగర్ పొడి కలిపి ఉడికించి సీసాల్లో పోస్తుంది. ఉండ కట్టదు, అడుగంటదు. తినేవాళ్లు ఇక్కడ వంకలు పెట్టరని ఆమెకు గొప్ప తృప్తి.

దీప అక్కడ పరిశోధక విద్యార్థిని. ఈగల పిల్లపురుగులను సన్నటి సూదితో గుచ్చి, గాయం ఎలా మానుతుందో చూస్తుంది. దెబ్బ తగిలిన చోటి నుంచి పక్క కణాలకు కబురు వెళుతుంది. కబురు అందిన కణాలు మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా మెరుస్తాయి. ఆ మెరుపును శుక్రవారం తన గైడు ఉమాపతి సార్‌కు చూపించాలి. చూపలేకపోతే ఇదంతా ఆపేసి వేరే పని చూసుకొమ్మని ఆయన ముందే చెప్పేశారు.

సూది సంగతి విన్న దగ్గర్నుంచి లక్ష్మీనర్సమ్మకు మనసు మనసులో లేదు. గురువారం వండేటప్పుడు ఎవరినీ అడగకుండా గిన్నెలో చెంచాడు పసుపు వేసింది.

శుక్రవారం పొద్దున దీప చూస్తే పురుగుల పొట్టలన్నీ పెళ్లింటి సీరియల్ బల్బుల్లా వెలుగుతున్నాయి. గుచ్చనివి కూడా. లెన్సు తుడిచింది, మైక్రోస్కోపు ఆపి మళ్లీ వేసింది. చివరికి సీసాలో తిండి రంగు చూసి వంటగదికి పరుగెత్తింది.

“ఆంటీ, దీంట్ల ఏమేసిన్రు?”

“పసుపు, బిడ్డా. గాయమైనోళ్లకు పెట్టద్దా?”

మైక్రోస్కోపు నీలం వెలుతురులో పసుపు కూడా ఆకుపచ్చగానే మెరుస్తుందని దీప ఏడుపు గొంతుతో చెప్పింది. తిన్నది ఎంతసేపట్లో బయటికి పోతుందని లక్ష్మీనర్సమ్మ అడిగింది. రెండు మూడు గంటలట. ఆమె కొంగు బిగించి కొత్త గిన్నె పెట్టింది. తిండి చల్లారాక పురుగులను అందులోకి మార్చారు. ఇక వాటి దయ.

ఉమాపతి సార్ అనుకున్నదాని కంటే ముందే వచ్చారు. లక్ష్మీనర్సమ్మ ఆయనను కూర్చోబెట్టి, తన డబ్బాలోని సర్వపిండి పెట్టి, బోడుప్పల్ ప్లాట్ల ముచ్చట ఎత్తింది. దీప మాటిమాటికీ తొంగిచూసి, ఇంకా లేదన్నట్టు తల ఊపి పోతోంది. ఏం జరుగుతోందని సార్ అడగనే అడిగారు.

“పిల్లలు దొడ్డికి కూసున్నరు సార్. అయిపోవస్తది. మీరు తిన్రి.”

సార్ చేతిలోని ముక్కను కాసేపు చూసి, మెల్లగా డబ్బాలో పెట్టేశారు.

మధ్యాహ్నానికి పొట్టలు ఖాళీ అయ్యాయి. గుచ్చిన చోట చిన్న నల్లటి పెచ్చు, దాని చుట్టూ ఆకుపచ్చ వలయం, మిగతా ఒళ్లంతా చీకటి. సార్ చాలాసేపు మైక్రోస్కోపు మీంచి కన్ను తీయలేదు. పని సాగించమన్నారు. లక్ష్మీనర్సమ్మను కూడా పిలిచి చూడమన్నారు. కబురు అందుకున్న కణాలన్నీ గాయం పూడ్చడానికి సిద్ధమవుతున్నాయని దీప పక్కన నిలబడి చెప్పింది.

“ఒక్కటి మొత్తుకుంటె అన్ని లేస్తున్నయి,” అంది ఆమె. “మా గల్లీల నల్లా పైపు పలిగి వారమాయె బిడ్డా, ఎంత మొత్తుకున్నా ఒక్కడు రాలే. వీటిల రెండు మాకియ్యరాదా?”