పత్రిక చివర వచ్చే పేర్లు

సరిహద్దు కాపలాకు హెలికాప్టర్ మా జవాన్లను మంచు మీద దింపింది. పదహారు వేల అడుగుల ఎత్తు. రెక్కలు ఆపకుండానే సామాను తోసేసి వెళ్లిపోయింది. కిరోసిన్ డబ్బాలు, మంచు బూట్లు, రేడియో సెట్. నేను దిల్‌సుఖ్‌నగర్ వాణ్ణి. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. చదువంటూ అబ్బింది ఆ మంచులో మేం ఉన్న గుడిసెలోనే.

రేడియో ఆపరేటర్‌ది బాపట్ల వైపు. ఆదివారం పొద్దున పొయ్యి పక్కన కూర్చుని, తొలినాటి క్రైస్తవ సంఘాలకు అపొస్తలుడు రాసిన పత్రికలు, అంటే బైబిల్లోని ఉత్తరాలు, గట్టిగా చదివేవాడు. చివర్న ఫలానా వారికి వందనాలు అంటూ పేర్లు వస్తాయి. అక్కడ మా పేర్లూ కలిపేవాడు. తెలుగు రానివాళ్లు కూడా తమ పేరుకు తలెత్తేవారు.

"గా పేర్లెందుకు సదువుతవ్ రా? ఎవలో ఏందో" అన్నాను.

"ఆ ఉత్తరం కోసం ఎదురుచూసింది వాళ్లేరా. నీ పేరొస్తే చాయ్ గ్లాసు కింద పెట్టేస్తావు, నేను చూడట్లేదనుకున్నావా?"

ఫిబ్రవరిలో ఒక పొద్దున థాపా, బల్బీర్, వంటవాడు రతన్ రేషన్ కోసం కిందికి దిగారు. "నేనొచ్చేదాకా పొయ్యి మీది రాజ్మా గింజల గిన్నె మూత తీస్తే చేతులు విరుగుతాయ్" అని రతన్ హిందీలో బెదిరించి పోయాడు. పదకొండింటికి తుపాను. ముగ్గురూ మంచులో గుంట తవ్వుకుని కూర్చున్నారు. గాలి తగ్గేదాకా మేం వెళ్లలేం. ఆ చలిలో నిద్రపోతే ఇక లేవరు.

అందుకే ముగ్గురి చేతిసెట్లకూ పిలుస్తూనే ఉన్నాం. సెట్‌లో పేర్లు పలకకూడదు, శత్రువు వింటాడు. నంబరు పిలిస్తే ఆ నంబరువాడు స్విచ్ నొక్కాలి. మాకు టక్ మని వినబడాలి. రెండింటికి టక్ మనడం ఆగిపోయింది. ఆపరేటర్ నంబర్లు పిలిచీ పిలిచీ గొంతు పోగొట్టుకున్నాడు. చివరికి అన్నాడు:

"థాపాకు వందనాలు."

"నామ్ నహీ! నంబర్ బోలో!" మా పై అధికారి సుబేదార్ సాబ్ అరిచాడు.

టక్.

సాబే వచ్చి సెట్ శబ్దం పెంచాడు.

"బల్బీర్‌కు వందనాలు."

టక్.

"రతన్‌కు వందనాలు."

నాలుగింటికి గాలి తగ్గింది. ఇద్దరిని బతికించి తెచ్చాం. రతన్‌ను స్ట్రెచర్ మీద తెచ్చాం.

తిరిగొచ్చి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడి ఏళ్లు గడిచాయి. మొన్న ఆదివారం మన్సూరాబాద్ ప్రార్థన మందిరంలో కుర్ర పాస్టర్ రోమా సంఘానికి రాసిన పత్రిక ముగిస్తూ పేర్లన్నీ దాటేశాడు. నాకు ఒళ్లు మండింది. బయట పట్టుకున్నాను.

"అయ్యగారూ, పేర్లు మింగితిరేంది?"

"జర శాంతం తాతా. వట్టి పేర్లే గదా. లైవ్ నడుస్తుంది, జనం పోతరు."

"పోయెటోళ్లను పోనియ్యి. ఆ పేర్లోళ్లు ఏడ పోవాలె?"

నవ్వి, నా భుజం తట్టి కారెక్కాడు. వాడికేం చెప్పను? ఆ రోజు మూడో పేరు, రతన్ పేరు, పిలిచి జవాబు వినడానికి ఆపరేటర్ స్విచ్ మీది వేలు తీశాడు. హ్యాండ్‌సెట్ చెవికి అదిమి పట్టుకున్నాడు.  మా వెనక పొయ్యి మీద, మూత తీయని రాజ్మా ఉడుకుతూనే ఉంది.