నాట్టో తిన్న తొమెజిరో తాత

తొమెజిరో తాతకు బియ్యం పులియబెట్టి చేసే సాకే ఏది పోసినా, అది ఊళ్లో ఎవరిలా ఉందో చెప్పందే రెండో గుటక దిగదు. తియ్యగా ఉంది, ఘాటుగా ఉంది లాంటి మాటలు ఆయన నోట రావు. అడుగున నీలి వలయాలున్న తెల్ల కప్పును వెలుతురుకెత్తి చూస్తాడు, ముక్కు దూరుస్తాడు, ఓ గుక్క నోట్లో తిప్పుతాడు, ఇక మొదలు.

"ఇది టోఫు కొట్టు ఓసెకి. వస్తూనే నవ్వుతుంది. వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి అరగంట మాట్లాడుతుంది."

అంటే రుచి గొంతులో చాలాసేపు నిలిచిందని అర్థం.

జీవితమంతా మినోసావా ఊళ్లో ఉత్తరాలు పంచిన మనిషి కాబట్టి పోలికలకు కరువు లేదు. నిగోరి సాకే తెల్లగా, చిక్కగా, అడుగున మడ్డి పేరుకుని ఉంటుంది. "ఇది హొజుమి మాస్టారు. కుదిపితే గానీ కదలడు, కదిలాడా, ఇక ఆగడు" అన్నాడు. పక్క జిల్లా నుంచి వచ్చిన, పూల వాసనేసే ఖరీదైన గింజో సాకే సీసాకి "మన కొత్త డాక్టరు. అత్తరు బాగానే పూసుకొచ్చాడు, వైద్యం మాత్రం రాదు" అన్నాడు. ఆ మాట డాక్టరు చెవిన పడింది. ఆ తర్వాత తాతకు సూది కాస్త గట్టిగానే గుచ్చాడని చెప్పుకుంటారు.

రుచి చూసేవాళ్లు ఉమ్మేయడానికి పక్కనే బకెట్టు పెడతారు. తాత ముందున్న బకెట్టులో ఏనాడూ చుక్క పడలేదు.

"ఇంటికొచ్చిన మనుషుల్ని ఉమ్మేస్తామా?" అనేవాడు.

ఇదంతా జరిగేది ఇత్సుకో వాళ్ల సాకే కార్ఖానాలో. తండ్రి పోయాక ఆ కార్ఖానా ఆమె చేతికొచ్చింది. తాత రోజూ పొద్దున్నే వస్తాడు. పెద్దమేస్త్రి గెంపాచి ఆయనకు చిన్ననాటి నేస్తం, గేటు దగ్గరే కాచుకుని ఉంటాడు. తాత సాకే పులుస్తున్న ఒక్కో తొట్టి దగ్గరా గొంతు చించుకుని పోలిక చెప్పడం, గెంపాచి తల ఊపి "అయితే రేపటిదాకా ఆగాలి" అనో, "అయితే ఇవాళే పిండేద్దాం" అనో అనడం. పనివాళ్లు పడీపడీ నవ్వుతూ ఆవిరి మీద ఉడికిన అన్నం ఆరబెట్టడం మరిచిపోయేవాళ్లు.

ఇత్సుకోకు ఒళ్లు మండేది. ఆ వారంలో టోక్యో వర్తకుడు కొత్త సాకే రుచి చూడటానికి వస్తున్నాడు. అతని ముందు ఈ తాత నోరు విప్పితే ఇంకేమైనా ఉందా! కానీ అంత పెద్దాయనను రావద్దనడం ఎలా? ఆ పొద్దున గేటు దగ్గర నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది.

"తాతగారూ, ఆగండి. మీ దగ్గర నాట్టో వాసనొస్తోంది."

సాకే చేసే చలికాలంలో, పులిసి తీగలు సాగే ఆ సోయా గింజల్ని కార్ఖానాలో ఎవరూ ముట్టరు. నాట్టో తిన్న మనిషి లోపలికొస్తే అన్నాన్ని సాకేగా మార్చే బూజు పాడవుతుందని భయం. చొక్కా మీద అంటిన ఒక్క గింజ వాసన పట్టి గెంపాచి ఒకప్పుడు సొంత కొడుకునే గేటు బయటికి తరిమాడు.

"నా దగ్గరా!" తాత అదిరిపడ్డాడు. "నాట్టో పేరెత్తితేనే నాకు డోకొస్తుంది కదమ్మా! నాట్టో తినే ఇళ్లకి ఉత్తరాలు వీధిలోంచే విసిరేవాణ్ణి!"

నిజమే. ఊరంతా ఎరిగిన ఆ సంగతి ఇత్సుకోకు ఆ క్షణాన గుర్తు రాలేదు. ఇప్పుడు వెనక్కి తగ్గడానికీ లేదు.

"వస్తోంది" అంది మొండిగా.

గొడవ విని గెంపాచి బయటికొచ్చాడు. ఇత్సుకో ఒకడుగు వెనక్కి వేసింది. ఈయన ముక్కు ముందు తన అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది?

"నాట్టోనా?" గెంపాచి వంగి, తాత గొంతు దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. "ఛీ ఛీ! ఏం కంపురా తొమే! ఈ వయసులో ఇదేం బుద్ధి?"

ఇత్సుకో నిర్ఘాంతపోయింది. లేని కంపు ఈయనకెలా తగిలింది?

తాత ఏదో అనబోయి గెంపాచి మొహం చూశాడు. తల గోక్కున్నాడు.

"తిన్నానురా. దొంగచాటుగా. రెండు గిన్నెలు."

వంగి దణ్ణం పెట్టి మంచులో ఇంటిదారి పట్టాడు.

ఆ రోజంతా గెంపాచి కప్పు పట్టుకుని తొట్టి తర్వాత తొట్టి రుచి చూస్తూ తిరిగాడు. ఎక్కడా ఏమీ తేల్చలేకపోయాడు. సాయంత్రానికి ఇత్సుకో తాత ఇంట్లో ఉంది.

"ఎప్పట్నుంచి తాతగారూ?"

తాత గుమ్మం వైపు ఓసారి చూశాడు. "మొన్నటేడు గెంపాచికి జ్వరమొచ్చింది చూడు, అప్పట్నుంచి. నాలుక బాగానే ఉందమ్మా, ముక్కే పోయింది. ఇదివరకు పోలికలు సరదాకి చెప్పేవాణ్ణి. ఇప్పుడు పళ్ల వాసన, పూల వాసన అంటే వాడికేం తెలుస్తుంది? ఓసెకి అంటే ఇట్టే తెలిసిపోతుంది. ముక్కు లేని మేస్త్రికి ఏ కార్ఖానాలోనూ చోటుండదు. వాణ్ణి పంపేయకమ్మా."

ఇత్సుకోకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

"పంపేస్తానని ఎవరన్నారు? రేపు పొద్దున్న రండి. ముందు నోరు బాగా కడుక్కోండి, నాట్టో కంపు!"

మర్నాడు ఆమె పనివాళ్లందరి ముందూ చెప్పింది. "తాతగారి నాట్టో మైల తీరింది. ఇకమీద ప్రతి తొట్టికీ పోలిక చెప్పాలి. అందరికీ వినపడేలా, టోక్యో వర్తకుడు వచ్చినా సరే."

తాత కప్పు ఎత్తి చూశాడు, ముక్కు దూర్చాడు, నోట్లో తిప్పాడు.

"ఇది మన ఇత్సుకో! రాగానే చురుక్కుమంటుంది. కన్నార్పకుండా అబద్ధమాడుతుంది. లోపలికి దిగాక గానీ తెలీదు, ఎంత వెచ్చనిదో."

గెంపాచి యజమానురాలిని ఎగాదిగా చూశాడు. తన కప్పులోది ఓ గుక్క తాగి తల ఊపాడు.

"అయితే ఇంకో రెండు రోజులు ఆగాలి. ఆ చురుకు కాస్త తగ్గాలి."

పనివాళ్లు గొల్లుమన్నారు. ఇత్సుకో చేతిలోనూ ఓ కప్పుంది, పక్కనే బకెట్టూ ఉంది. ఆమె మాత్రం ఉమ్మకుండా మింగేసింది.