పెద్దనాయిన మీద పదకొండు పేజీలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ లేదు. తెలంగాణ వచ్చి ఏడాదో రెండేళ్లో అయింది, నా డిగ్రీ పూర్తయి నాలుగు నెలలైంది, రెంటి వేడీ ఇంకా తగ్గలేదు. కేతేపల్లి పక్కన మా ఊరి నుంచి బస్సు పాసు మీద నల్లగొండకు పోయివచ్చి బి.కాం. చదివాను. అందులో చట్టానికి సంబంధించిన పేపరు ఒక్కటంటే ఒక్కటుంది, అందులో నాకు నలభై రెండు మార్కులు వచ్చాయి. (వందకే. ఈ సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) మా ఇంటిల్లిపాదిలో మొదటి డిగ్రీ నాదే కావడంతో కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా, రేషన్ కార్డులో పేరు ఎక్కకపోయినా, బ్యాంకు నుంచి కాగితం వచ్చినా అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. "మా ఇంటి వకీలు" అని పేరు పెట్టారు. వాపును చూసి బలుపనుకునే వయసు, నేనూ నమ్మేశాను. ఇప్పుడు నిజంగానే నల్లకోటు వేసుకుని తిరుగుతున్నాను. తమ కేసు తామే నడుపుకుని, మొత్తం చెడగొట్టుకుని, ఆఖర్న నా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే తోటి వకీళ్లకు ఒళ్లు మండుతుంది. నాకు మాత్రం నవ్వొస్తుంది. వాళ్లు చేసే తప్పుల్లో నేను చేయనిది ఒక్కటీ కనబడదు మరి.

గొడవ బాట గురించి. మా నాయినకు, ఆయన అన్న అయిన మా పెద్దనాయినకు పక్కపక్కనే చెలకలు. మాది లోపల, ఆయనది రోడ్డు పక్కన. ఆయన చెలక అంచున ట్రాక్టరు పట్టేంత బాట ఉంది, మా బత్తాయి తోటకు పోవాలన్నా రావాలన్నా అదే దిక్కు. ఒకనాడు మా ఎరువుల ట్రాక్టరు ఆ బాట దిగి ఆయన డ్రిప్పు పైపుల మీదుగా పోయింది. పెద్దనాయిన నాలుగు మాటలన్నాడు. మా నాయిన సర్దుకుని పోవాల్సింది పోయి, నలుగురిలో, "సదువు రానోనితోని ఏం మాట్లాడుతం తియ్" అనేసి వచ్చాడు. తెల్లారేసరికి బాట మీద తుమ్మకంప పడింది. ఇక్కడ చెట్ల మీద కాయ రంగు తిరుగుతోంది. కాయ కొనే బేరగాడు వచ్చి కంపను చూసి, "బండి లోపలికి రాకుంటె నేనేం జేయాలె? పదిహేను దినాలు సూస్త, గంతే" అని పోయాడు. మా అమ్మ తోటలోకి పోయి రాలిన కాయలను కొంగులో వేసుకొచ్చి నాయిన ముందు కుమ్మరించేది. ఆ ఏడు మా ఇంటికి ఆ తోట తప్ప వేరే ఆధారం లేదు.

పోయి ఒక్క మాట "తప్పయింది అన్నా" అంటే పోయేది. కానీ ఆ మాట మా నాయిన నోట రాదు. "కోర్టుకు పోదాం" అన్నాడు. పక్కింటాయన, తెలిసిన వకీలున్నాడు మాట్లాడమంటారా అని అడిగితే, "వకీలెందుకే, మా బిడ్డ లేదా?" అని నా వైపు చూశాడు. అంత మాటన్నాక నేను కాదంటానా! మొదట చేసిన పని, పంపకాలప్పుడు పెద్దమనుషులు రాసిచ్చిన పాత కాగితం బయటికి తీయడం. మడతల దగ్గర చిరిగి, పట్టుకుంటే పొడి రాలుతోంది. పాపం, కాపాడాలి కదా అని జిరాక్సు షాపుకు పట్టుకుపోయి చక్కగా లామినేషన్ చేయించాను. కోర్టులో గుమాస్తా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఏందమ్మా గిది, హోటల్ల టిఫిన్ల లిస్టు లెక్కున్నది! ముద్ర యాడ గొట్టాలె, ప్లాస్టిక్ మీదనా?" అన్నాడు. జిరాక్సు ఇచ్చి అసలును ఇంట్లో ఉన్నదున్నట్టు పెట్టుకోవాలని నాకెవరు చెప్పారు? నేనెవరిని అడిగాను గనక!

ఇక దావా. బాట మూసేశారు, తెరిపించండి అని నాయిన పేరు మీద ఒకటిన్నర పేజీలో రాయాల్సిన దాన్ని నేను పదకొండు పేజీలు రాశాను. మా ముత్తాత ఆ ఊరికి ఎందుకొచ్చాడన్న దగ్గర మొదలుపెట్టాను. బావి ఎవరు తవ్వారు, ఎద్దు ఎవరు కొన్నారు, నా చిన్నప్పుడు నేను ఎవరి భుజాల మీద ఎక్కి తోటకు పోయేదాన్ని, అన్నీ రాశాను. అడ్డగించింది పెద్దనాయినే అయినా ఆయన్ని "ప్రతివాది" అని రాయడానికి చేయి రాలేదు. పెద్దవాళ్ల గురించి ఊరికే రాస్తామా, ఆయన మంచితనం గురించి ఒక పేజీ నిండా రాశాకే "అయితే" అని మొదలుపెట్టి ఫిర్యాదులోకి దిగాను. రాసేటప్పుడు రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాను కూడా. (చట్టం పేపరులో నలభై రెండు ఎందుకొచ్చాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.)

నాలుగు రోజులకే కోర్టు నుంచి పెద్దనాయినకు నోటీసు వచ్చింది, వెనక నా దావా నకలుతో సహా. ఆయనకు చదువు రాదు. ఆయన ఇంటికి ఏ కాగితం వచ్చినా చదివేది నేనే, మూడో తరగతి నుంచి అదే నా ఉద్యోగం. అలవాటు కొద్దీ సాయంత్రం నోటీసు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. నాయినను చూసి మొహం పక్కకు తిప్పుకుని, అరుగు మీద కూర్చుని, "బిడ్డా, కోర్టోళ్లు ఏందో పంపిన్రు, జర సదివి చెప్పు" అన్నాడు.

నేను రాసిన దావాను, నేను ఎవరి మీద రాశానో ఆయనకే, నేనే చదివి చెప్పాలి! మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"గింత పెద్దగున్నదేంది? ఎవరు రాసిన్రు బిడ్డా?"

"నేనే పెద్దనాయినా."

ఆయన నా చేతిలోని పేజీల మీదికి వంగి చూసి, "అచ్చరాలు మంచిగున్నయ్" అన్నాడు. సిగ్గుతో నడిమి పేజీలన్నీ దాటేసి, ఏ తారీకున కోర్టుకు రావాలో మాత్రం చదివాను. ఆయన లేచి వెళ్తుంటే మనసాగక, "పెద్దనాయినా, నువ్వు మంచి వకీలును పెట్టుకోవాలె. ఉత్తగ పోతె నష్టపోతవ్. తారీకు అస్సలు తప్పొద్దు" అని జాగ్రత్తలు చెప్పి పంపాను. వాకిట్లో నిలబడ్డ నాయిన, "నువ్వు ఎవ్వలి దిక్కున్నవే?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. పెద్దనాయిన మాత్రం నా మాట తు.చ. తప్పకుండా విని ముప్ఫై ఏళ్ల అనుభవమున్న వకీలును పెట్టుకున్నాడు. ఎదుటివాడికి వకీలును పెట్టుకొమ్మని సలహా ఇచ్చి, తాము మాత్రం ఉత్తచేతులతో పోయినవాళ్లు ఈ జిల్లాలో మేం తప్ప ఇంకెవరూ ఉండరు.

వాయిదా రోజు వచ్చింది. పొద్దున కోర్టున్న ఊరికి పోవడానికి మా ఊళ్లో ఒక్కటే షేర్ ఆటో. వాదీ ప్రతివాదీ ఇద్దరూ అదే ఎక్కారు, ఇద్దరి నడుమా నేను, నా ఒళ్లో పదకొండు పేజీలు, వాటి మీద పెద్దమ్మ అందరికీ కలిపి కట్టిచ్చిన సద్ది. ("మీ నాయినకు కారం తక్కువేసిన, సెప్పు" అని మరీ ఇచ్చింది.) అన్నదమ్ములకు మాటల్లేవు కనక దారి పొడుగునా అన్నీ నా మీదుగానే నడిచాయి.

"బిడ్డా, మీ నాయినను జర పక్కకు జరగమను."

"బిడ్డా, ఈడ జాగ లేదని చెప్పు."

నేను చెప్పేలోపే ఇద్దరికీ వినబడేది. అయినా నేను చెప్పేదాకా ఇద్దరూ ఆగేవాళ్లు.

కోర్టులో మా పేరు పిలవగానే నేను కాగితాలు పట్టుకుని ఠీవిగా ముందుకు పోయి, "మేడమ్, మా వాదన ఏందంటే" అని మొదలుపెట్టాను. జడ్జి మేడమ్ కళ్లద్దాల పైనుంచి చూసి, "నువ్వెవరమ్మా? వాదివా, వకీలువా?" అని అడిగారు.

"బిడ్డను మేడమ్" అన్నాను.

హాలు హాలంతా నవ్వింది. వాది తరఫున మాట్లాడేది వాది అయినా కావాలి, వకీలైనా కావాలి, బిడ్డలకు ఆ హక్కు లేదట. నన్ను వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. మా నాయిన ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పంచాయతీలో ఎంత గట్టిగా మాట్లాడే మనిషి! అక్కడ మేడమ్ అడిగిన ప్రతిదానికీ వెనక్కి తిరిగి నా వైపే చూశాడు. నాకు అప్పుడు మొదటిసారి భయం వేసింది. పదిహేను రోజుల గడువులో మిగిలింది మూడు రోజులే.

పెద్దనాయిన వకీలు లేచాడు. "మేడమ్, నేను వాదించడానికి ఏం లేదు. వాది తన నోటితోనే అంతా ఒప్పుకున్నాడు. నాలుగో పేజీ చూడండి" అని నా దావాలోంచి పైకి చదవడం మొదలుపెట్టాడు.

"మా నాయినకు ఏడేండ్లు ఉండగా మా తాత చనిపోయినాడు. అప్పుడు మా పెద్దనాయిన తాను బడికి పోకుండా, నాగలి పట్టి, మా నాయినను పదవ తరగతి వరకు చదివించినాడు. పంపకాలలో నీళ్లున్న చెలకను తమ్మునికి ఇచ్చి, రాళ్ల చెలకను తాను తీసుకున్నాడు. ఆ చెలకలో నుండి మాకు బాటను కూడా తన దయతోనే ఇచ్చినాడు."

చదివి, చేతులు రెండూ చాపి, "దయతో ఇచ్చింది హక్కెట్ల అయితది మేడమ్? ఇష్టమున్నన్ని దినాలు ఇచ్చిండు, ఇష్టం లేకుంటె మూసిండు. కేసు అయిపోయింది" అన్నాడు. ఆ ఒక్క వాక్యంతో మా హక్కును నేనే నా గుండ్రటి అక్షరాలతో కొట్టేశానని నాకప్పుడు తెలిసింది. చెట్ల మీది కాయ, అమ్మ కొంగు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. బల్ల కింద దాక్కుందామనిపించింది.

"సారూ" అన్నాడు పెద్దనాయిన. "గది మల్లొకపారి సదువు."

వకీలు ఉత్సాహంగా మళ్లీ చదివాడు, ఈసారి ఇంకా గట్టిగా. పెద్దనాయిన తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. మేడమ్ మా నాయిన వైపు తిరిగి, "ఇందులో రాసింది నిజమేనా?" అని అడిగారు.

ఈసారి మా నాయిన నా వైపు చూడలేదు. "నిజమే మేడమ్. కాని మా బిడ్డ ఒక్కటి రాయలేదు. సదువు రానోనితోని ఏం మాట్లాడుతమని నలుగుట్ల నేనే అన్న. నేను సదివిన సదువు ఆయనదే మేడమ్. గది నేను యాది మరిచిన." అంటూ చొక్కా చేతితో కళ్లు ఒత్తుకున్నాడు.

మేడమ్ కాగితాలు మూసి, ఇద్దరూ బయట కూర్చుని మాట్లాడుకోండి, మధ్యాహ్నం పిలుస్తాను అన్నారు. తర్వాత నా వైపు చూసి, "దావాలో ఇట్లాంటివి రాయరమ్మా. చట్టం చదువుకో, ఏం రాయకూడదో అప్పుడు తెలుస్తది" అన్నారు. ఆ మాట పట్టుకునే నేను లా కాలేజీలో చేరాను, అది వేరే కథ.

బయట వేపచెట్టు కింద ఇద్దరూ పెద్దమ్మ కట్టిన సద్ది విప్పుకుని తిన్నారు. మాట్లాడుకోండి అన్నారు గానీ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. పెద్దనాయిన తన గిన్నెలోని తొక్కు పచ్చడి తీసి తమ్ముడి అన్నంలో వేశాడు, నాయిన తిన్నాడు. మధ్యాహ్నం పిలిచినప్పుడు పెద్దనాయిన, "బాట తెరుస్త మేడమ్, ఎప్పటికి ఉంటది, రాసుకోరి" అన్నాడు. గెలిచే కేసు పోయినందుకు ఆయన వకీలు మొహం చూడాలి! ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. మా కేసులో ఇద్దరూ కోర్టులోనే ఏడ్చేశారు, ఇంటికి ఏమీ మిగల్లేదు. తిరుగు ఆటోలో నేను అలవాటుగా నడుమ కూర్చోబోతే పెద్దనాయిన నన్ను పక్కకు నెట్టి తమ్ముడి పక్కన కూర్చున్నాడు.

"అరేయ్, జర జరుగు" అన్నాడు.

"జాగ యాడున్నది అన్నా" అన్నాడు మా నాయిన, జరుగుతూ.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కలిసి కంప తీశారు, ఆ మూడు రోజుల్లోనే బండి లోపలికి వచ్చింది. పెద్దనాయిన ఆ నాలుగో పేజీని జిరాక్సు షాపుకు పట్టుకుపోయి (ఎవరిని చూసి నేర్చుకున్నాడో చెప్పక్కర్లేదు) లామినేషన్ చేయించి, పట్టా పాసుబుక్కుతో పాటు పెట్టెలో దాచుకున్నాడు. నేను ఊరికి పోయినప్పుడల్లా ఇప్పటికీ దాన్ని తీసి, "కండ్లు ఆనుతలేవు బిడ్డా, జర సదువు" అంటాడు. ఎన్నడో ఆనినట్టు! నేను చదువుతాను.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లకు అన్నీ సరిగ్గా చెబుతాను. అసలు కాగితం ఎవరికీ ఇవ్వొద్దు, ప్లాస్టిక్ తొడగొద్దు, ఎదుటివాళ్లతో కేసు సంగతి మాట్లాడొద్దు, అడిగినదానికంటే ఒక్క ముక్క ఎక్కువ రాయొద్దు. అన్న మీద దావాకు వచ్చిన తమ్ముడు తన కాగితంలో "మా అన్న మంచోడే గని" అని రాసుకొస్తే ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కొట్టేస్తాను. అది నా వృత్తి ధర్మం. కొట్టేసేటప్పుడు ప్రతిసారీ చేయి కొంచెం ఆగుతుంది. ఆ రోజు మా నాయినకు ఇప్పటి నాలాంటి మంచి వకీలు దొరికి ఉంటే, మా బాట ఇవాళ్టికీ కోర్టులోనే ఉండేది.