హౌజులో తేట నీళ్లు

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో మా ఇంటి వాకిట్లో నీళ్లు పట్టి ఉంచుకునే సిమెంటు హౌజు ఒకటి ఉండేది. నల్లా ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కనుక, నానమ్మ దాన్ని ఎన్నడూ అడుగంటనిచ్చేది కాదు. సగం తగ్గితే చాలు, పాత నీళ్ల మీదే కొత్త నీళ్లు పట్టేది. అద్దంలా ఉండే ఆ నీళ్లంటే ఆమెకు మహా గర్వం.

ఒక వానాకాలం తమ్ముడికి చలిజ్వరం పట్టుకుంది. మందులతో తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగేది కాదు. పిల్లవాడు పుల్లలా అయిపోతుంటే, వీడు మాకు దక్కుతాడా అని భయమేసింది. దోమలన్నీ మురుగు పారే మోరీలోంచే వస్తున్నాయని నాన్న అందులో కిరోసిన్ పోశాడు. నానమ్మ పొద్దుగూకితే వేపాకు పొగ వేసేది. జ్వరం మాత్రం వదల్లేదు.

అంతకుముందు ఏడు ఆ జ్వరంతోనే మంచం పట్టి లేచిన పక్కింటి అక్క ఒకరోజు వచ్చింది. మా హౌజులోని నీళ్లు గాజు సీసాలో ముంచి, మూతికి పల్చటి గుడ్డ కట్టి కిటికీలో పెట్టింది. తన నీళ్లకే పరీక్షా అని నానమ్మ ముఖం ముడుచుకుంది. కొన్నాళ్లకు చూస్తే, గుడ్డ లోపలివైపు దోమలు వాలి ఉన్నాయి.

“మోరీల దోమలు వేరే పెద్దమ్మా. చలిజ్వరం తెచ్చేటివి గిసొంటి మంచినీళ్లల్లనే పుడ్తయి. వారానికొకసారి హౌజు ఖాళీ చేసి ఎండబెట్టుండ్రి,” అంది అక్క.

“నల్లా రాకుంటే?” అంది నానమ్మ.

“మా బిందెలున్నయి గద.”

నానమ్మ లోపల పడుకున్న తమ్ముడి వైపు చాలాసేపు చూసింది. తర్వాత వంగి, హౌజు తూములో కుక్కిన గుడ్డ లాగేసింది. నీళ్లు గల్లీలోకి పోతుంటే గడప దగ్గర కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ పూట అక్కావాళ్ల నీళ్లతోనే వంటయింది. డాక్టరు చెప్పినన్నాళ్లూ మందులు మింగి తమ్ముడు లేచి తిరిగాడు. ఆ జ్వరం మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇప్పుడు పంజగుట్టలో అపార్ట్‌మెంట్లో ఉంటున్నాను. పైన ట్యాంకు మూత పగిలిందని చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. మీటింగులో అందరూ మోరీలో మందు కొట్టించాలంటారు. విసుగొస్తుంది, మోకాళ్లూ సహకరించవు. అయినా వారానికొకసారి మెట్లెక్కి, ట్యాంకు మీద రేకు సర్ది, డ్రమ్ములూ బకెట్లూ బోర్లించి వస్తాను. తేట నీళ్లు పారబోయడానికి ఈనాటికీ నాకు మనసొప్పదు. ఆ రోజు నానమ్మకూ ఒప్పలేదు.