బొట్టు పెట్టిన కాలెట్

మొన్న ఆదివారం సిరిసిల్లలో మా ఇంటి వెనక గదిలో టేకు పలక మీద ఎవరిదో ఇంటిపేరు చెక్కుతుంటే మిషన్ గొంతు మారింది. చెక్కను తొలిచే మోటారు, అదే రూటర్, తిరిగేటప్పుడు దాని కొసన ఉండే కోతముల్లు, అంటే బిట్టు, సరిగ్గా బిగిసి ఉంటే ఒకటే శ్రుతి పలుకుతుంది. పట్టు కాస్త చెదిరితే ఆ శ్రుతి వెనక సన్నగా గరగర మొదలవుతుంది. మా పక్కింటావిడకు రెండూ తలనొప్పే. నాకు మాత్రం ఆ గరగర వినపడితే చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోతుంది. ఆ చెవి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. జగిత్యాలలో నేను అద్దెకున్న ఇంటి యజమాని బాలాగౌడ్ సార్ పెట్టిన భిక్ష అది.

అప్పుడు నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పేదాన్ని. ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చి, సార్ వాళ్ల ఇంటి మేడ మీది గదిలో ఉండేదాన్ని. సార్ సర్కారు బడిలో క్రాఫ్ట్ టీచరుగా చేసి రిటైరయ్యారు. మల్యాల దగ్గరి పల్లెలో కల్లు గీసే కుటుంబం వాళ్లది. ఆయన తండ్రి చివరిదాకా తాళ్లెక్కాడు, ఈయన మాత్రం చదువుకుని బడిలో పడ్డారు. రిటైరయ్యాక అందరూ పొద్దున నడకకు పోతుంటే, ఈయన చిన్న సీఎన్సీ మిషన్ విడిభాగాలు తెప్పించుకుని కింది గదిలో తనే బిగించుకున్నారు. కంప్యూటర్లో గీసిన బొమ్మను అది చెక్క మీద దానంతటదే చెక్కుతుంది. మొదట్లో సార్ చెక్కిన గణపతికి తొండం కంటే చెవులే బాగా కుదిరాయి. ఆయన భార్య భాగ్యమ్మ ఆ గణపతిని చూసి, "ఏనుగైతే అయ్యింది, దేవుడు కావాల్నంటే ఇంక జర కష్టపడాలె" అన్నది.

వాళ్లిద్దరికీ మధ్యాహ్నం అన్నాలయ్యాక పులిజూదం ఆడే అలవాటు ఉండేది. వరండా బండల మీద సుద్దముక్కతో గీసిన ఆట. సార్ పులులు, అమ్మ మేకలు; భాగ్యమ్మను నేను అమ్మా అనే పిలిచేదాన్ని. మేకలంటే చింతగింజలు, పులులంటే మూడు గులకరాళ్లు. పులి మేక మీది నుంచి దూకితే ఆ మేక చచ్చినట్టు. మేకలన్నీ చుట్టుముట్టి పులులను కదలకుండా కట్టేస్తే అమ్మ గెలిచినట్టు. నేను సెలవు రోజుల్లో మెట్ల మీద కూర్చుని చూసేదాన్ని. ఇద్దరూ ఆటకు కూర్చుంటే మొగుడూ పెళ్లాలుగా ఉండేవాళ్లు కారు. సార్ ఒక్క మేకను కొట్టినా మీసం తిప్పేవారు. అమ్మ పులిని కట్టేసిందంటే ఆ సాయంత్రం ఛాయ్ ఆయనే పెట్టాలి.

అమ్మ కళ్లకు నీటికాసులు, అంటే గ్లకోమా, వచ్చాయి. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది నిలబెట్టుకోవడమే పని అనీ డాక్టరు చెప్పాడు. చుక్కలు వేసుకుంటున్నా చూపు కొంచెం కొంచెంగా జారిపోతూనే ఉంది. ఆటలో ఆమె వేళ్లతో తడుముకోవడం మొదలుపెట్టింది. తడిమితే చింతగింజలు చెదిరిపోయేవి. ఏది ఎక్కడుందో సార్ మళ్లీ సర్ది చెప్పేవారు. అలా కొన్నాళ్లు నడిచాక ఒక మధ్యాహ్నం అమ్మ గింజలన్నీ ఒక పక్కకు ఊడ్చేసింది.

"ఇగ నేనాడ" అన్నది.

"ఏమైంది? రోజూ నువ్వే గెలుస్తున్నవ్ గదా" అన్నారు సార్.

"అందుకే ఆడ. నాకు కండ్లు కనవడుత లేవు గని, బుద్ది లేదా? ముందట దూకే మేక ఉంటే నీ పులి పక్కకు పోతదా? నా మీద జాలి పడుడు నీకు మంచిగుంటదేమో సారూ, నాకు మంచిగ లేదు."

కోపమొస్తే ఆమె భర్తను సారూ అని పిలిచేది. సార్ చెదిరిన చింతగింజలు ఒక్కొక్కటే ఏరారు. ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది. కానీ అమ్మ మాట తప్పనిపించలేదు. చూపు పోవడం ఒక ఎత్తయితే, ఎదుటివాడు నీతో పోట్లాడటం మానేయడం ఇంకో ఎత్తు.

మర్నాడు పొద్దున్నే సార్ మెట్లెక్కి నా గది గుమ్మంలో నిలబడ్డారు.

"సరితా, నీకు కంప్యూటర్ల గీసుడు వస్తది గదా బిడ్డా. పులిజూదం పలక ఒకటి గియ్యాలె. గీతలన్నీ లోతుగ తొలిచిన గాళ్లు ఉండాలె, వేలు పెట్టి పోవాలె. గీతలు కలిసిన కాడ బొక్కలుండాలె. కాయలు అండ్ల కూసోవాలె, చెయ్యి తగిలినా పడొద్దు. గప్పుడు ఆమె చేతులతోటి ఆట మొత్తం చూస్తది. నాకు ఓడిపోవాల్సిన పనుండది."

ఆ సాయంత్రమే గీసిచ్చాను. కాయల కోసం ఇద్దరం బస్సెక్కి కోరుట్ల పోయాం. మంచం కోళ్లు తిప్పే లేతు మనిషి ఒకాయన, అడుగున చిన్న కాలున్న చెక్క కాయలు చేసిపెట్టాడు. మేకలు పొట్టివి, పులులు పొడుగువి. అంతా అయిపోయిందనే అనుకున్నాం.

పలక కోశాక చూస్తే కాయలు కొన్ని బొక్కల్లో వాలిపోతున్నాయి, కొన్ని దూరనే దూరవు. అన్నీ ఒకేలా వదులుగా ఉంటే కాయల కాళ్లు లావుగా చేయించుకుంటే తీరిపోయేది. ఇక్కడ ఏ బొక్క తీరు దానిది. అమ్మ వేళ్లు పెట్టి ఒకసారి తడిమింది, మేకలు సగం పక్కకు ఒరిగాయి. "గివి మేకలా, మన కల్లు తాగిన మేకలా?" అని చేయి వెనక్కి తీసుకుంది. నవ్వుతూనే అన్నది, కానీ మళ్లీ చేయి పెట్టలేదు. సార్‌కు అది బాగా తగిలింది.

తప్పు కాలెట్‌దని తేలింది. కాలెట్ అంటే రూటర్ కొసలో బిట్టును పట్టుకునే చీలికల ఉక్కు గొట్టం, వేలి కణుపంత ఉంటుంది. దాని వెలుపలి వైపు ఏటవాలుగా ఉంటుంది, ఆ వాలు రూటర్ ఇరుసులోని వాలులో సరిగ్గా కూర్చోవాలి. నట్టు బిగిస్తే చీలికలు దగ్గరికొచ్చి బిట్టును చుట్టూ సమానంగా పట్టుకుంటాయి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పట్టుకుంటే బిట్టు తిరుగుతూ ఊగుతుంది. కొస వెంట్రుకవాసి ఊగినా బొక్క ఆ మేరకు పెద్దదవుతుంది, గుండ్రం కూడా చెడుతుంది. వెంట్రుకవాసి కదలికనైనా ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టి సార్ బిట్టును చేత్తో మెల్లగా తిప్పితే ముల్లు అటూ ఇటూ ఊగిపోయింది. రూటర్‌తో పాటు వచ్చిన కాలెట్ అరిగిపోయింది. దాంట్లో సన్నబిట్లు పట్టడానికి ఇంకో తొడుగు కూడా వేసి నడుపుతున్నాం. నున్నగా సాన పట్టిన మంచి కాలెట్, బిట్టు కొలతకు సరిపోయేది, సార్ వేరే ఊరి దుకాణం నుంచి తెప్పించారు.

అది వచ్చిన రోజు సార్ స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని కూర్చున్నారు. పసుపు తడిపి, ఉంగరం వేలితో కాలెట్ వాలు మీద బొట్టు పెట్టి, పైన కుంకుమ అద్దారు. మన దగ్గర కొత్త బండికైనా కొత్త తాళానికైనా బొట్టు పెడతాం గనుక అందులో నాకేమీ వింత అనిపించలేదు. కానీ మిషన్ మొత్తం వదిలేసి ఆ చిన్న ముక్కకే ఎందుకో అడిగాను.

"మా నాయిన తాడి ఎక్కేముందు కత్తికి మొక్కకపోతుండె. మోకుకు మొక్కుతుండె" అన్నారు. మోకు అంటే నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు. "కత్తి పోతే ఇంకో కత్తి వస్తది. మోకు జారితే మనిషే లేడు. పట్టుకునేదానికి మొక్కాలె బిడ్డా. మన మిషన్ల పట్టుకునేది గిదే."

నేనూ చేతులు జోడించాను. బొట్టు ఆరాక బిగించాం. డయల్ గేజ్ పెట్టి తిప్పితే, ముల్లు పాతదానికంటే ఎక్కువ ఊగింది!

విప్పాం, బిగించాం. బిట్టు మార్చాం. నట్టు మార్చాం. ముల్లు మాత్రం మమ్మల్ని వెక్కిరిస్తూనే ఉంది. చివరికి సార్ దుకాణానికి ఫోన్ చేశారు. "మీ మీద నమ్మకంతోటి తెప్పించుకున్నమమ్మా. గిట్ల వంకర సామాను పంపుతరా? గిది న్యాయమేనా?" అన్నారు. అవతల ఒక అమ్మాయి, తప్పకుండా వెనక్కి పంపమనీ, వేరేది ఇస్తామనీ మర్యాదగా చెప్పింది. నాకు ఆ మర్యాద కూడా మోసంలాగే తోచింది. నా చేతిలో ఫోన్ ఉంటే ఇంకో నాలుగు మాటలు అని ఉండేదాన్ని.

వెనక్కి పంపడానికి కాలెట్ విప్పి డబ్బాలో పెడుతుంటే అమ్మ వచ్చి చేయి చాచింది. "ఏదీ, ఇల్లంత ఆగం పట్టిచ్చింది ఏందో నా చేతికియ్యి, చూస్త." సార్ ఇచ్చారు. ఆమె వేళ్ల మధ్య పెట్టుకుని మెల్లగా తిప్పింది. ఒకచోట ఆగి గోటితో గీకింది. తర్వాత వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిక్కడొక్కతాన గరుకుగ ఉంది. పసుపు లెక్క వాసనొస్తున్నది" అన్నది.

నేను సార్ వంక చూశాను, సార్ నా వంక చూశారు. వాలు మీద ఎండి అట్టకట్టిన బొట్టు! ఆ మందం పసుపు ఒక పక్క అడ్డం కూర్చుంటే కాలెట్ ఒరగక ఏం చేస్తుంది? అది దాచిందేం కాదు. విప్పిన ప్రతిసారీ పచ్చగా మా కళ్లముందే ఉంది. బొట్టును మురికిగా చూసే కన్ను మా ఇద్దరికీ లేకపోయింది, అంతే. ముందు నవ్వింది అమ్మే. తర్వాత నేను. సార్ కాసేపు బింకంగా ఉండి, ఆ తర్వాత కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "మొక్కుడు మంచిదే గని, మరీ కండ్లల్ల కారం కొట్టినట్టు మొక్కినవ్" అన్నది అమ్మ.

పాత బ్రష్షుతో, కిరోసిన్‌తో కాలెట్‌నూ, అది కూర్చునే లోపలి వాలునూ శుభ్రంగా కడిగాం. పొడిగుడ్డతో తుడిచి బిగించాక ముల్లు కదిలిందా లేదా అన్నట్టు కదిలింది. నేను గబగబా పలక మిషన్ మీద పెట్టబోయాను. సార్ ఆగమన్నారు. ముందు ఫోన్ తీశారు.

"అమ్మా, మొన్న మాట్లాడిన జగిత్యాల మనిషిని. మీ సామాను మంచిగుంది. నేనే దానికి పసుపు పెట్టి బిగిచ్చిన. తప్పు నాది. నిన్ను ఊకెనే అన్న, మనసుల పెట్టుకోకు బిడ్డా" అన్నారు.

అవతలి అమ్మాయికి పసుపు సంగతి అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత ఆమె నవ్వు మా దాకా వినపడింది. ఆ ఫోన్ చేయకపోయినా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. అదే మాట నేనంటే, "ఎవలికి తెల్వకున్నా, తప్పు లేని పిల్లను తిట్టుడైతే జరిగింది గదా" అన్నారు. అంత పెద్దమనిషి తప్పు నాది అని అంత తేలికగా అనడం నేను అదివరకు వినలేదు. నాకు ఆయన మీద గౌరవం కంటే ఆ రోజు ప్రేమే ఎక్కువ కలిగింది. ఇంతకీ మొక్కుడు ఆగలేదు. ఆ తర్వాత బొట్టు మిషన్ బల్ల కాలికి మారింది.

కొత్త పలక కోశాం. మేక కాయ పెట్టి నొక్కితే టక్కుమని కూర్చుంది, పట్టి లాగితే వచ్చింది. అన్ని బొక్కలూ అంతే. వరండాలో అమ్మ ముందు పెట్టాం. ఆమె ముందు గాళ్ల వెంట వేలు పోనిచ్చింది, పైనుంచి కిందికి, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు. తర్వాత రెండు అరచేతులూ కాయల మీద తేలికగా ఆనించింది. ఒక్కటీ ఒరగలేదు. ఆమె ముఖంలో ఎన్నాళ్లుగానో కనపడని పోకిరితనం కనిపించింది.

"ఇగ రా" అన్నది.

ఆట చాలాసేపు నడిచింది. సార్ ఈసారి వదల్లేదు. మూలన నిలబెట్టిన మేకను కొట్టారు, దాని వెనకదాన్నీ కొట్టారు. అమ్మ తడుముకుని, లెక్క చూసుకుని, రెండు పులులను కట్టేసింది. మూడోది తప్పించుకుని గొర్రెల మందలో పడ్డట్టు మేకల్లో పడింది. అమ్మ చిత్తుగా ఓడిపోయింది. ఓడిపోయినట్టు వేళ్లకు అర్థం కాగానే తొడ మీద చరుచుకుని నవ్వింది. "గిప్పుడు ఆడినవ్! గిప్పుడు నాతోటి ఆడినవ్!" అని సార్ భుజం పట్టుకుని ఊపింది. ఓడిపోయి అంత సంబరపడ్డ మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆ సాయంత్రం ఛాయ్ ఆమే పెట్టింది.

సార్ పోయిన ఏడాది కన్నుమూశారు, పెద్దగా బాధపడకుండానే. అమ్మకు ఇప్పుడు వెలుగు, చీకటి తేడా తప్ప ఏమీ తెలియదు. వీర్నపల్లి నుంచి వచ్చిన చెల్లెలు ఆమెతో ఉంటోంది. నేను పెళ్లయి సిరిసిల్లకు వచ్చినా, నెలకోసారైనా జగిత్యాల పోతాను. పులులు ఇప్పుడు నావి. మొదటిసారి ఆడినప్పుడు, ఒంటరిదైన మనిషి కదా అని నా చెయ్యి ఒక మేక దగ్గర తటపటాయించింది. ఆ తటపటాయింపు దగ్గరే నాకు సార్ గుర్తొచ్చి, ఆ మేకను కొట్టేశాను. అప్పటి నుంచి ఒక్క ఆటా వదిలిపెట్టలేదు. బడిలో వెనకబడ్డ పిల్లల దగ్గరైనా, ఇంట్లోనైనా, ఎవరి మీదైనా జాలి కలిగినప్పుడు, దాంతో పాటు వాళ్లు సొంతంగా గెలవడానికి దారి కూడా ఇస్తున్నానా లేదా అని చూసుకోవడం నాకు అలవాటైంది. అది ఆయన నేర్పారు.

పోయిన వారం అమ్మను ఓడించాను. ఆమె పలక మీద చేతులు పెట్టి, నా పులులు నిలబడ్డ చోట్లు ఒక్కొక్కటే తడిమి చూసింది. ఎక్కడ తప్పు చేసిందో వేలితో వెతుక్కుంది. దొరికినట్టుంది, తల ఊపింది. తర్వాత కాయలన్నీ తనే పీకి, పులులను నా వైపు తోసింది.

"మంచిగ ఆడినవ్ బిడ్డా. మళ్ల పెట్టు."