రెండోసారి తీసిన రక్తం

నాలుగింటికి నా రెండో రక్తపరీక్ష కాగితం పట్టుకుని ల్యాబ్ ఆవిడ పరుగున వచ్చి, నా నోటి దాకా వెళ్లిన సున్నుండను లాక్కున్నారు. "రక్తంలో అమైలేజ్ మూడింతలైందండి! లోపల క్లోమానికి దెబ్బ తగిలినట్టుంది. పచ్చి మంచినీళ్లు కూడా వద్దంటే సున్నుండలా అండీ?"

ఆ రోజుల్లో నేను అమలాపురంలో కొత్త విలేకరిని. ఎవరు ముందు చెబితే అదే వార్త అనుకునే వయసు. ఆ ఉదయం రొయ్యల చెరువుల వార్త కోసం కాట్రేనికోన వెళుతూ, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని తప్పించబోయి (తొక్కితే రైతు చేతిలో వేరే ప్రమాదం) బండితో సహా పడ్డాను. హ్యాండిల్ కొస పొట్టలో పొడుచుకుంది. పైకి గుండ్రంగా కమిలిన మచ్చ, అంతే. ఆసుపత్రిలో వెంటనే తీసిన రక్తం మామూలుగానే ఉందన్నారు. ఇంకేం, మంచం మీద నుంచే ఆఫీసుకు ఫోన్ చేసి, 'విలేకరికి స్వల్ప గాయాలు' అని నా వార్త నేనే చెప్పేసి చెప్పులు వేసుకున్నాను. ల్యాబ్ ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడ్డారు.

"దెబ్బ తగిలిన గంటకే తీసేమండి. అప్పుడే ఏం తెలుస్తాది? ఆరు గంటలు పోయేక మళ్లీ తీయమన్నారు డాక్టరు గారు."

"ఒకసారి బాగుందన్నాక మళ్లీ దేనికండీ?"

"మీరు వార్త ఒక్కరినే అడిగి రాసేత్తారా ఏంటండి?"

(రాసేసేవాణ్ని. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.)

మూడింటికి మళ్లీ రక్తం తీశారు. నాలుగు కావస్తుండగా, కబురు విని వచ్చిన మా పెద్దమ్మ కొంగుచాటు నుంచి సున్నుండల డబ్బా తీసింది. "ఆయ్, ఆళ్లు చెప్పేది నిజమే గానీ, రెండుసార్లు రక్తం లాగేసేరు కదరా, సత్తువెక్కణ్ణించొత్తాది? ఒక్కటి నోట్లో ఏస్కో."

వెంటనే కాకినాడ పంపించారు. అక్కడ స్కానింగ్ తీస్తే క్లోమానికి చిన్న చీలిక ఉందన్నారు. కోత తప్పింది. వారం పైగా సెలైన్ మీద ఉన్నాను. పెద్దమ్మ ఆ డబ్బాను వార్డులో అందరికీ పంచి, ప్రతివాళ్ల దగ్గరా కళ్లు తుడుచుకుంది.

అప్పటి నుంచి ఏ వార్తయినా ఇద్దరిని అడగందే రాయను. 'స్వల్ప గాయాలు' అన్నదానికి మాత్రం సవరణ వేయించుకోలేదు, సిగ్గేసింది. కోలుకుని దండం పెడదామని వెళితే ల్యాబ్ ఆవిడ గల్ఫ్‌లో ఉద్యోగానికి వెళ్లిపోయారట. గల్ఫ్‌లో ఎక్కడికని ఇద్దరిని అడిగాను. ఒకరు కువైట్ అన్నారు, ఒకరు మస్కట్ అన్నారు. ఇంకా తేలలేదు.